కొండ తాత కూలిపోయాడు... అయినా కనిపిస్తాడు!

విశాలమైన నుదురు, కొనదేలిన ముక్కు, బిగిసిన పెదాలు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం... ఏ శిల్పీ ఉలి పట్టకుండానే కొండ అంచున ఏర్పడిన మనిషి ముఖమది. దాదాపు రెండు వందల ఏళ్లు జనాన్ని రప్పించుకున్న ఆ రాతి ముఖం 2003లో ఓ రాత్రి నేలకూలింది. ఇంకేముంది చూడ్డానికి అనుకుంటే పొరపాటే. అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న ఫ్రాంకోనియా నాచ్ స్టేట్ పార్కుకు సందర్శకులు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఆ తాతను చూసే వెళుతున్నారు!

'నాచ్' అంటే అక్కడివాళ్ల మాటల్లో కనుమ. వైట్ మౌంటెన్స్ పర్వతాల నడుమ ఓ పక్క కానన్ కొండ, మరో పక్క ఐదు వేల అడుగులు దాటిన లఫాయెట్ శిఖరం. మధ్యలో ఇరుకైన లోయ, వాగులు, సరస్సులు. బోస్టన్ నుంచి కారులో రెండు గంటలకు పైగా ప్రయాణం. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా ఆకులన్నీ ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లోకి మారిపోతాయి. ఆ రోజుల్లో లోయ అందం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

అయిదు బండల ముఖం

1805లో అటుగా వెళ్లిన సర్వే బృందంలోని ఇద్దరు ఈ ముఖాన్ని చూసినట్లు తొలి నమోదు. ప్రొఫైల్ సరస్సుకు 1,200 అడుగుల ఎత్తున, కొండ అంచు నుంచి ముందుకు వచ్చిన అయిదు గ్రానైటు బండలవి. విడిగా చూస్తే వట్టి రాళ్లు. సరైన చోట నిలబడి చూస్తేనే పక్కకు తిరిగిన వృద్ధుడి ముఖం! నుదుటి నుంచి గడ్డం దాకా 40 అడుగులు. అంటే నాలుగంతస్తుల మేడంత. 'ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ద మౌంటెన్' అని అందరూ ముద్దుగా పిలుచుకున్నారు. నథానియల్ హాథార్న్ ఈ ముఖం స్ఫూర్తితో 1850లో 'ద గ్రేట్ స్టోన్ ఫేస్' కథ రాశాక పేరు మరింత దూరం పాకింది. 1945లో రాష్ట్ర చిహ్నమైంది. 2000లో పావు డాలరు నాణెం మీదికీ ఎక్కింది.

చెట్టుకో డాలరు

ఈ లోయ ఒకప్పుడు ప్రైవేటు ఆస్తి. 1923లో ఇక్కడి పెద్ద హోటల్ 'ప్రొఫైల్ హౌస్' కాలిపోయింది. యజమానులు ఆరు వేల ఎకరాలను అమ్మకానికి పెట్టారు. అడిగిన ధర 4 లక్షల డాలర్లు. కలప వ్యాపారుల చేతికి చిక్కితే అడవి మిగలదన్న భయంతో అటవీ సంరక్షణ సంఘం, మహిళా క్లబ్బులు నడుం కట్టాయి. రాష్ట్రం సగం సొమ్మిచ్చింది. ఓ దాత లక్ష ఇచ్చాడు. మిగతా లక్ష ఎలా? 'ఒక్క డాలరిచ్చి ఒక చెట్టును కొనుక్కోండి' అంటూ ప్రచారం చేశారు. వేలాది మంది ముందుకొచ్చారు. అలా చిల్లర పోగేసి కాపాడుకున్న అడవి 1928లో పార్కుగా జనం చేతికొచ్చింది.

పగుళ్లకు కట్లు

అయితే అడవిని కాపాడినంత సులువు కాదు బండను కాపాడటం. పగుళ్లలోకి నీరు చేరుతుంది. చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది. ఎండకు కరిగి మరింత లోపలికి దిగుతుంది. వేల ఏళ్లుగా ఇదే తంతు. ముఖాన్ని చెక్కింది ఈ మంచే, దాన్ని తినేస్తున్నదీ ఈ మంచే! నుదుటి బండ జారుతోందని గమనించి 1916లో ఇనుప కడ్డీలతో బిగించారు. 1958లో పగుళ్లను సిమెంటుతో పూడ్చి, నీరు పక్కకు పోయేలా కాంక్రీటు కాలువ కట్టారు.

ఆ తర్వాత ఈ బాధ్యతను భుజానికెత్తుకున్నవాడు రాష్ట్ర రహదారుల శాఖ ఉద్యోగి నీల్స్ నీల్సెన్. ఏటా వేసవిలో తాళ్లకు వేలాడుతూ ముఖం మీదికి దిగి, పగుళ్లను కొలిచి, అతుకులు వేసేవాడు. ఆయన తర్వాత కొడుకు డేవిడ్ ఆ పని అందుకున్నాడు. నీల్స్ 2001లో కన్నుమూశాక ఆయన చితాభస్మాన్ని కొండ తాత ఎడమ కంట్లోనే ఉంచాడు.

జాతీయ రహదారి వచ్చినప్పుడూ గొడవైంది. రోడ్డు కోసం పేల్చే మందుగుండుకు తాత కదిలిపోతాడేమోనని జనం అడ్డుపడ్డారు. చివరికి 1988 నాటికి కనుమలో రానూ పోనూ ఒక్కో వరుసతోనే రోడ్డు పూర్తయింది. ఆ దారిలో మిగతాచోట్ల ఉన్నంత వెడల్పు ఇక్కడ ఉండదు.

మబ్బు తొలగితే...

2003 మే 3. అంతకుముందు కొండను మబ్బు కప్పేసింది. తెల్లారి అది విడిపోయాక పార్కు ఉద్యోగులు తలెత్తి చూస్తే ముఖం లేదు! అర్ధరాత్రి దాటాక ఎప్పుడో కూలిపోయింది. పడుతుండగా చూసినవారే లేరు. ఆ వార్త విని వచ్చినవాళ్లు కొండ కింద పూలుంచి కన్నీళ్లు పెట్టుకున్నారు. అచ్చం ఇంటి పెద్ద పోయినట్టు.

మళ్లీ కట్టాలని కొందరన్నారు. నకలు పెడితే అది తాత అవుతాడా అని మరికొందరు. ప్రభుత్వం నియమించిన బృందం కొండను కొండలాగే వదిలేసి, కింద జ్ఞాపిక కట్టడమే మేలంది.

ఫ్లూమ్ వింత

పార్కులో తప్పక చూడాల్సిన మరో చోటు ఫ్లూమ్ గార్జ్. 800 అడుగుల పొడవునా బండ నిలువునా చీలి దారిచ్చినట్టుంటుంది. రెండు వైపులా 70 నుంచి 90 అడుగుల గ్రానైటు గోడలు. మధ్యలో చెక్కవంతెన మీద నడక, కాళ్ల కింద హోరెత్తే నీరు. గ్రానైటు పగుళ్లలోకి ఎప్పుడో చొరబడిన బసాల్టు రాయి త్వరగా అరిగిపోవడంతో ఈ చీలిక ఏర్పడింది. 1808లో దీన్ని కనిపెట్టింది చేపలు పట్టడానికి వచ్చిన 93 ఏళ్ల అవ్వ అని చెబుతారు. రెండు గోడల మధ్య ఇరుక్కుని వేలాడే గుడ్డులాంటి పెద్ద బండ ఒకప్పుడిక్కడ ఉండేది. 1883 తుపానుకు కొట్టుకుపోయింది. అదే వానకు 45 అడుగుల అవలాంచ్ జలపాతం పుట్టింది. ఒకటి పోతే ఇంకొకటి!

కమ్మీల్లో తాత

ఇంతకీ లేని తాత ఎలా కనిపిస్తాడు? ప్రొఫైల్ సరస్సు ఒడ్డున 2011లో ఉక్కు కమ్మీలు నిలబెట్టారు. వాటి పైభాగంలో గతుకులు గతుకులుగా ఉక్కు అంచులుంటాయి. కింద ఎత్తును బట్టి నిలబడాల్సిన గుర్తులు. పిల్లలకో చోటు, పొడుగువాళ్లకో చోటు. సరిగ్గా అక్కడ నిలబడి ఓ కన్ను మూసి, కమ్మీ వెంట కొండ అంచుకేసి చూస్తే... నుదురు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటే అతుక్కుని తాత ప్రత్యక్షం! ఒక్క అడుగు పక్కకు వేస్తే మాయం. అప్పుడు మిగిలేది ఖాళీ కొండే.