మెట్‌పల్లి వదినె పద్దు

ఆర్మూరు దాటి జగిత్యాల త్రోవను పోవునపుడు, పసుపు చేల నడుమ మెట్‌పల్లి యెదురగును. ఖద్దరునకు పేరుగన్న యీ యూర మా వదినె యింట విద్యుత్తుతో నడచు కారును జూచితిమి.

"దీనికి ఖర్చే లేదట గదా, వదినె!" యంటిమి. ఆమె నవ్వి పద్దుల పుస్తకము తెచ్చెను.

ఇంజను లేదు గావున నూనె మార్చు పని లేదు. వేగము తగ్గించునపుడు మోటారే బండిని నిలువరించి బ్యాటరీకి శక్తి నిచ్చును. అందుచే బ్రేకులును మెల్లగా నరుగును. టైర్ల వ్యయము మాత్రము తప్పదు. 2022 జూన్ 1 నుండి యమలైన రేట్లలో, 30 కిలోవాట్లు మించి 65 మించని యిట్టి కారునకు ఇతరుల నష్టమునకైన బీమా యేటికి 2,904 రూపాయలు. 1000 మించి 1500 సి.సి. మించని పెట్రోలు కారునకు 3,416.

స్వంత నష్టపు బీమా మాత్రము కారు వెలను బట్టి హెచ్చును. దానిని మానుద మని మా యన్నగా రనిరట. వదినె యొప్పలేదు. చట్టము విధించిన బీమా పరుల నష్టమునకే. వాననీరు బ్యాటరీలో జొచ్చిన మనకు కాసైన రాదు. కారు వెలలో పెద్ద భాగ మా బ్యాటరీయే గదా!

సోదరీమణులారా, చమురున మిగిలిన సొమ్ములో కొంత యీ బీమాకు వేరుగా నుంచుట గృహిణికి తగిన జాగ్రత్త.