జేజినాయన ఇత్తడి బుడ్డి

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున పప్పు మెదుపుతుంటే డల్లాస్ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. వాళ్ళకు అప్పుడు శనివారం రాత్రి.

"వదినా, మీ తమ్ముడు నా ఇస్త్రీపెట్టె ఏం చేసినాడో అడగండి."

చొక్కా కాల్చుకున్నాడేమో అనుకున్నా. కాదంట. తుపాకి కట్టెకు ఇస్త్రీ చేసినాడంట!

నాకు నవ్వొచ్చింది గానీ ఆ పిల్ల గొంతులో నవ్వు లేదు. "ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లోడున్నాడు వదినా. ఈయన గ్యారేజీలో ఆ తుపాకి ముందరేసుకొని రాత్రి పన్నెండు దాకా కూర్చుంటాడు. నా మాట చెవిన పెట్టడు. మీరు చెప్తే వింటాడు" అనింది. నా మాట వినే కాలం ఎప్పుడో పోయింది. అయినా సరే అన్నాను.

మా తమ్ముడికి విప్పే పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. రేడియో విప్పినాడు, గోడ గడియారం విప్పినాడు, మా అమ్మ ప్రాణం విసిగించినాడు. ఇప్పుడు పాత మిలిటరీ తుపాకుల మీద పడినాడు. అమెరికాలో ఇదొక పెద్ద హాబీనే. యుద్ధాలు ముగిసినాక దేశదేశాల సైన్యాలు వదిలించుకున్న తుపాకులు ఓడలకెక్కి అక్కడి అంగళ్ళకు చేరినాయి. 1950, 60లలో చవగ్గా దొరికేవట. కొన్నవాళ్ళు వేటకు తేలిగ్గా ఉండాలని ముందువైపు కట్టె కోసి పారేసి, తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళ మనవల కాలం. తాతలు కోసినదాన్ని మళ్ళీ పాత రూపానికి తేవడానికి వీళ్ళు నానా తంటాలు పడుతున్నారు. మన పల్లెల్లో దూలాలు, వాకిళ్ళు పాత సామాన్లోడికి అమ్ముకున్న ఇళ్ళవాళ్ళే ఇప్పుడు అవే వాకిళ్ళ కోసం తిరుగుతున్నారు చూడండి, అట్లాంటిదే అనుకున్నాను.

మధ్యాహ్నం పని తీరినాక వీడియో కాల్ చేసినాను. వాడు ఇంకా పడుకోలేదు. తిట్లు మొదలుపెట్టేలోపలే "అక్కా, ఇది చూడు, మన దేశంలో చేసింది" అని తుపాకి ఫోన్ ముందర పెట్టినాడు.

లీ ఎన్‌ఫీల్డ్ అంట దాని పేరు. మనం త్రీ నాట్ త్రీ అంటామే, అదే. ఇక్కడ ఎన్నికల బూతుల దగ్గర, బ్యాంకుల దగ్గర కానిస్టేబుళ్ళ భుజాన ఎన్నిసార్లు చూసినానో. కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చెయ్యి పట్టుకునేచోట, కుడిపక్క ఇనుము మీద చిన్న కిరీటం. దాని కింద జి.ఆర్.ఐ. అని మూడక్షరాలు, అంటే చక్రవర్తి జార్జి అని. కింద ఇషాపూర్. ఆ కింద 1942.

ఇషాపూర్ కలకత్తా దగ్గర. అక్కడి రైఫిల్ ఫ్యాక్టరీలో తెల్లోళ్ళ కాలం నుంచి ఈ తుపాకులు చేసేవాళ్ళు. ఇంగ్లండులో కొత్త రకానికి మారిపోయినా మనవాళ్ళు యుద్ధం పొడుగునా ఈ పాత రకమే చేసినారు. స్వాతంత్ర్యం వచ్చినాక కిరీటం పోయి దాని చోట సింహాల గుర్తు వచ్చింది. మన దేశపు తుపాకి అనడానికి ఇంకో ఆనవాలు ముందుకట్టెకు అడ్డంగా దూర్చిన స్క్రూ. కట్టె పగలకుండా ఇషాపూర్ పనోళ్ళు పెట్టింది. "ఈ స్క్రూ చూసే కొన్నానక్కా" అన్నాడు, పెళ్ళిచూపుల్లో పిల్ల గడ్డం మీద పుట్టుమచ్చ చూసి ఒప్పుకున్నవాడిలాగా.

పాపం, వాడికి దొరికిందాని ముందుకట్టె సగానికి కోసేసి ఉంది. ఎవరో వేటగాడి పని. దానికి సరిపోయే పాత కట్టె ఇంకొకటి వెదికి తెప్పించుకున్నాడు. ఆ కట్టెకున్న సొట్టలకే మరదలి ఇస్త్రీపెట్టె. తడిగుడ్డ పరిచి వేడిపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి సొట్ట పైకి లేస్తుందంట. తర్వాత అవిసెనూనె పట్టించాలి. రోజుకు కొంచెం, చేత్తోనే రుద్దుతూ. మనం అవిసెలు పొడి కొట్టుకొని తింటాం, వాడు తుపాకికి తాపుతున్నాడు. దాని స్క్రూలకు మరలు కూడా వేరేరకమంట, బజారులో స్క్రూ ఏదీ పట్టదు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. వెనకాల మడమ ఊడదియ్యాలంటే ముందుగా ముందుకట్టె తియ్యాలి. ఆ వరుస తెలియక తొందరపడి మడమ తిప్పితే ముందుకట్టె పగులుతుంది. లోపల ఒకదానికొకటి పట్టుకొని ఉంటాయి. అత్తగారింట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు ఇది వేరే చెప్పాలా!

మాటల్లో పడి తిట్టడం మరిచిపోతున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

"ఒరేయ్, ఇదే పని ఇక్కడ చేసింటే నిన్ను లోపలేసేవాళ్ళు" అన్నాను. ఉత్త బెదిరింపు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి ఉంచుకోడానికే కాదు, రిపేరు చెయ్యడానికీ, మార్చడానికీ కూడా వేరే లైసెన్సు ఉండాలి. త్రీ నాట్ త్రీ మామూలు జనానికి లైసెన్సు మీద కూడా ఇయ్యరు, అది సైన్యం తూటా కాబట్టి. అందుకే ఇషాపూర్‌లోనే అదే పద్ధతిలో పాయింట్ 315 అని వేరే తూటా పట్టే తుపాకి జనం కోసం చేసినారు. మా మామగారికి తెలిసినాయన దగ్గర ఒకటుండేది. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్లో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకొని తిరిగేవాడు. తెల్లోళ్ళు ఇంకా జాగ్రత్తపరులు. పోలీసులకిచ్చే త్రీ నాట్ త్రీల గొట్టం మార్చి, ఒకసారికి ఒక్క తూటానే పట్టేట్టు పాయింట్ 410 మస్కెట్లు చేయించినారు. ఎవరన్నా ఎత్తుకుపోయినా సైన్యం తూటాకు అది పనికిరాకూడదని. మార్చడమంటే అదీ ఒక మార్చడమే.

"చట్టం సంగతి సరే. పిల్లోడి సంగతి ఏంది?" అన్నాను.

"తూటాలు ఇంట్లో పెట్టను అక్కా. ఉత్త కట్టె, ఇనుము."

అప్పుడు నేను ఒక పేరు చెప్పినాను. ఇక్కడ రాయను. మా పుట్టింటి వీధిలో వాడితో ఒకే తరగతి చదివిన పిల్లోడి పేరు. మేం పెరిగిన కాలంలో ఆళ్ళగడ్డ పల్లెలు ఎట్లుండేవో ఈ పక్కవాళ్ళకు చెప్పక్కర్లేదు. చీకటి పడితే వాకిళ్ళు మూసుకునేవాళ్ళం. ఆ పిల్లోడు గడ్డివామి సందులో దాచిన నాటుబాంబును బంతి అనుకొని తీసుకున్నాడు. ప్రాణం దక్కింది. కుడిచేతికి రెండు వేళ్ళు మిగిలినాయి. దాచినోడు గూడ "ఇక్కడికి ఎవురొస్తార్లే" అనే అనుకొనింటాడు.

మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నా. తర్వాత నెమ్మదిగా "ఎడమచేత్తో పరీక్ష రాసినాడు అక్కా, ఏడో తరగతి. నా పక్కనే కూచున్నాడు" అన్నాడు.

మా ఇద్దరికీ ఆ మాట ముప్పై ఏళ్ళుగా ఉంది. ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు.

ఇంక చాలు, పెట్టేస్తా అనేలోపల వాడు మాట మార్చడానికేమో, "ఇది చూసి పెట్టెయ్యి" అని తుపాకిని తలకిందులు చేసినాడు. మడమ చివర ఇత్తడి రేకు. దాంట్లో చిన్న తలుపు. వేలితో నొక్కితే తెరుచుకుంది. లోపల గూడు. "సిపాయి ఇక్కడ రెండు పెట్టుకుంటాడు. గొట్టం తుడిచే తాడు ఒకటి. దానికి ఒక కొస బరువు, ఇంకో కొస గుడ్డపేలిక. రెండోది నూనెబుడ్డి. నాకు రెండూ దొరకలేదు" అని ఇంకో ఫోన్లో బొమ్మ చూపించినాడు.

వేలెడంత ఇత్తడి బుడ్డి. మూత విప్పితే మూతకే అతుక్కొని చిన్న గరిటె.

నేను లేచి లోపలికి పోయి కుట్టుమిషన్ డ్రాయరు లాగినాను. బాబిన్లు, సుద్దముక్క, ఊడిన హుక్కుల మధ్య అది ఉంది. ఇరవై ఏళ్ళుగా నేను మిషన్‌కు నూనె వేసుకొనే బుడ్డి. మా జేజిది. ఆమె పోయినప్పుడు మిషన్‌తో పాటు నాకొచ్చింది. ఆమె దాంట్లో ఆముదం పోసుకునేది. పిల్లల మాడుకు పెట్టడానికి ఆ గరిటె సరిగ్గా సరిపోయేది. అది ఎక్కడిది అని మాలో ఒక్కరూ అడగలేదు. మూత కింద, ఒంటి మీద, బాణం గుర్తు సగం అరిగిపోయి ఉంది. ఇన్నేళ్ళూ అది గీత అనుకున్నా.

ఫోన్ ముందర పట్టుకున్నాను. వాడు "అక్కా!" అని ఊరుకున్నాడు.

మా జేజినాయన రెండో ప్రపంచ యుద్ధంలో పని చేసినాడు. ఊళ్ళో మిలిటరీ అబ్బి అనేవాళ్ళు. తిరిగొచ్చినాక తుపాకి ముట్టలేదు, తుపాకి మాట ఎత్తలేదు. ఊళ్ళో అడవిపంది కొట్టడానికి పిలిచినా పోయేవాడు కాదు. "ఎంతమందిని కాల్చినావు జేజినాయనా?" అని మా తమ్ముడు ఒకసారి అడిగితే "ఆ గుడ్డపేలిక ఇట్ల తేరా" అన్నాడు, అంతే. ఆయన బావి దగ్గర ఆయిల్ ఇంజన్ తుడుస్తున్నాడు. తాడుకు ఒక కొస ఇనుపబిళ్ళ కట్టి, ఇంకో కొసకు పేలిక చుట్టి, ఇంజన్ గొట్టాల్లోంచి లాగి తుడిచేవాడు. వేడినీళ్ళు పోసి, మళ్ళీ పేలిక లాగి, ఆఖరున రెండు చుక్కల నూనె. నాకు అప్పటికి పది పన్నెండేళ్ళు. ఇంజన్లన్నీ అట్లే తుడుస్తారని అనుకున్నా. మా తమ్ముడికి విప్పడం, బిగించడం నేర్పింది ఆ ఇంజన్ దగ్గరే.

సర్కారు సొమ్ము ఆయన ఎట్లా తెచ్చుకున్నాడో తెలియదు. సూది కూడా అరువు తేని మనిషి! మరిచిపోయి జేబులో ఉండిపోయిందో, కావాలనే తెచ్చుకున్నాడో.

"దాన్ని నాకు పంపు అక్కా. దీంట్లో పెడతా. 1942 తుపాకిలో జేజినాయన బుడ్డి!" అన్నాడు. వాడి కళ్ళు చూస్తే ఎనిమిదేళ్ళ పిల్లోడి కళ్ళే.

పంపనన్నాను. వెంటనే వచ్చేసింది ఆ మాట. వాడు నొచ్చుకున్నాడు. నేను కూడా వారం రోజులు నొచ్చుకున్నా. వాడికీ మనవడి హక్కు ఉంది కదా. మా ఆయన "ఇచ్చెయ్యరాదా, పది రూపాయల ప్లాస్టిక్ డబ్బా తెస్తా" అన్నాడు. మగవాళ్ళకు ఎట్లా చెప్పేది? ఆ బుడ్డి తుపాకి కడుపులోంచి బయటికొచ్చి ఆముదం పోసుకొనింది, పిల్లల మాడుకు పెట్టింది, నా మిషన్‌కు నూనె వేసింది. ఎన్ని జాకెట్లు కుట్టి పెద్దోడి ఇంటర్ ఫీజు కట్టినానో నాకు తెలుసు. దాన్ని మళ్ళీ ఆ గూట్లోకి తోసి తలుపు మూయడానికి నా చెయ్యి రాలేదు.

తమ్ముడు ఇనుపబీరువా కొన్నాడు. తుపాకిలోని బోల్టు ఊడదీసి వేరే గదిలో పెట్టినాడు. బీరువా తాళంచెవి మరదలి దగ్గర. "తృప్తేనా?" అంటే "సగం" అనింది. నాకూ అంతే.

డిసెంబర్ సెలవలకు అందరూ వచ్చినారు. అహోబిలం పోయి వచ్చిన మర్నాడు నేను మిషన్ ముందు కూర్చుంటే మేనల్లుడు పక్కన చేరినాడు. చక్రం తిప్పుతానన్నాడు. బిగుసుకుంటోంది, నూనె వెయ్యాలి ఉండు అని డ్రాయరు లాగినా. మా తమ్ముడు వాకిట్లో కుర్చీలోంచి చూస్తున్నాడు, బుడ్డి అడగలేదు. పిల్లోడు మూత విప్పి, గరిటె పైకెత్తి, నూనె తీగలాగా కారుతుంటే ఊపిరి బిగబట్టి చూసినాడు.

"యాడ వెయ్యాల అత్తా?" వారంలోనే మా యాస పట్టేసినాడు.

"ఆ బెజ్జంలో ఒక చుక్క. ఇప్పుడు చక్రం తిప్పు. సూదికడ్డీ కాడ ఇంకోటుండాది చూడు, ఆడ గూడ."