గడువు తీరినా తీరని అమానతు

దీనీ మసలాలు అడగడానికి మా వద్దకు వచ్చే సోదరులలో కొందరు ఇంటి కాగితాలు కూడా వెంట తెస్తుంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో మస్జిదు దుకాణాలలోనో, వాటిపై గదులలోనో కిరాయికి ఉంటున్నవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: “మౌలానా సాబ్, అబ్బాజాన్ పేర రాసిన లీజు గడువు ముగిసింది. ఇన్నేళ్లుగా ఉంటున్నాం. పొడిగించడం మా హక్కు కాదా?”

వక్ఫ్ అంటే ఏమిటో ముందు గుర్తు చేసుకుందాం. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తమకు లభించిన భూమి విషయమై దైవప్రవక్త (సల్లం) సలహా కోరారు. అసలును అలాగే నిలిపి, దాని ఫలాన్ని దానం చేయమని ఆయన సూచించారు. ఆ భూమిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, అది వారసత్వంగా సంక్రమించరాదు. కిరాయిదారుకు దక్కేది ఆ ఫలంలోని ఒక భాగమే, అదీ తగిన మూల్యం చెల్లించి.

మన హనఫీ ఫిఖహ్ గ్రంథం ‘హిదాయా’ వక్ఫ్ ఆస్తిని దీర్ఘకాలం కిరాయికి ఇవ్వడాన్ని అనుమతించలేదు. దీర్ఘకాలమంటే మూడేళ్లకు మించినది. కారణం కూడా అక్కడే ఉంది: ఏళ్ల తరబడి ఉన్నవాడు చివరకు యాజమాన్యాన్నే కోరవచ్చు. ఎనిమిది శతాబ్దాల నాటి ఆ జాగ్రత్త ఎంత సరైనదో నేటి తగాదాలు చూస్తే తెలుస్తుంది.

దేశ చట్టమూ హద్దులు గీసింది. 1995 వక్ఫ్ చట్టంలోని 56వ సెక్షన్ మొదట మూడేళ్లకు మించిన లీజును చెల్లదన్నది. 2013 సవరణ తర్వాత వాణిజ్య, విద్య, వైద్య అవసరాలకు ప్రభుత్వ ఆమోదంతో 30 ఏళ్ల వరకు వీలు కల్పించింది. వ్యవసాయ భూమికి మాత్రం మూడేళ్లే హద్దు. ఏడాదికి మించిన లీజుకు వక్ఫ్ బోర్డు ముందస్తు అనుమతి తప్పనిసరి. అటువంటి లీజును రిజిస్టరు కూడా చేయించాలి. ముతవల్లీ నోటిమాటతో “ఉండండి” అన్నంత మాత్రాన పొడిగింపు కాదు.

మరొక మసలా చాలామందికి తెలియదు. హనఫీ మతం ప్రకారం తన కోసం కిరాయికి తీసుకున్నవాడు మరణిస్తే ఆ ఒప్పందం ముగుస్తుంది. ముతవల్లీ మరణిస్తే ముగియదు, ఎందుకంటే ఆయన ఒప్పందం చేసుకున్నది తన కోసం కాదు, వక్ఫ్ కోసం. కనుక తండ్రి లీజును అన్నదమ్ములు పంచుకోవడం, పగిడీ తీసుకొని మరొకరికి అప్పగించడం తమది కాని సొమ్మును పంచుకోవడమే.

ఈ మాటలు చెప్పడం తేలిక. కొన్నేళ్ల క్రితం మిర్యాలగూడ నుంచి ఒక వితంతు సోదరి తన కుమారునిచే అడిగించారు. భర్త పేర ఉన్న లీజు ముగిసింది. పాత కిరాయి నామమాత్రం. కమిటీవారు నేటి కిరాయి అడుగుతున్నారు. “యతీముల మీద దయ చూపరా?” అన్నది ఆమె ప్రశ్న. మా మనసు కలత చెందిన మాట నిజం. కానీ ఆ కిరాయి నుంచే ఇమాముగారి జీతం, మక్తబ్ పిల్లల ఖర్చు వెళ్లాలి. చెలామణిలో ఉన్న కిరాయికి బాగా తక్కువగా వక్ఫ్‌ను ఇచ్చే అధికారం ముతవల్లీకి లేదు. పరుల సొమ్ముతో చేసే దయకు పుణ్యం ఎక్కడిది?

కమిటీ పెద్దలకు మేము ఒకటే సూచించాం: కిరాయి తగ్గించకండి, మీ జేబుల నుంచి ఆమెను ఆదుకోండి. వారు అలాగే చేశారు. సరైన కిరాయికి ఆమె పేరునే కొత్త పత్రం రాశారు. తక్కువ పడిన మొత్తాన్ని ప్రతి నెలా కొందరు కలిసి ఆమె చేతికి అందించారు, ఆమె దానితో కలిపి కిరాయి చెల్లించి రసీదు పుచ్చుకున్నారు. వక్ఫ్‌కు నష్టం రాలేదు, ఆ ఇంటి దీపం ఆరలేదు.

కనుక సోదరులారా, సోదరీమణులారా! ఇంట్లో ఉన్న లీజు పత్రాన్ని ఈ వారమే తీసి చూడండి. అది ఎవరి పేర ఉంది? గడువు ఎప్పటికి? బోర్డు అనుమతి ఉందా? గడువుకు ముందే కమిటీని లిఖితపూర్వకంగా అడగండి. ఇచ్చిపుచ్చుకోవడాలను రాసుకొమ్మని సూరహ్ బఖరహ్‌లో అల్లాహ్ మనకు నేర్పాడు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడలో ప్రళయదినాన ఏడు భూముల భారం పడుతుందని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. అటువంటి భారాన్ని మన బిడ్డలకు వారసత్వంగా వదలకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక. ఆమీన్.