అమ్మేవాళ్ల లాయరు మన లాయరు కాదు

ఉద్యోగాలొచ్చిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఇల్లు కొనాలని చూస్తున్నారు. మన తండాల్లో చాలా కుటుంబాలకి ఇదే మొదటి రిజిస్ట్రేషన్. ఎలా చెయ్యాలో చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉండరు. అందుకే ఇది రాస్తున్నా.

పోయినేడు తిరువూరులో మా యాడి పేరు మీద చిన్న ఇల్లు చూశాం. మిరపకోతలకెళ్లి తను దాచిన డబ్బుకి నా జీతం మీద బ్యాంకు లోను కలపాలని లెక్క. మధ్యవర్తి "లాయరెందుకు బాబూ, దస్తావేజు రాసేది మనోడే, ఒక్కపూటలో అయిపోద్ది" అన్నాడు.

దస్తావేజు లేఖరి మనం చెప్పింది పద్ధతిగా రాస్తాడు. అమ్మేవాడికి హక్కుందో లేదో తేల్చడం ఆయన పని కాదు. రిజిస్ట్రేషన్ అయినా అంతే. 1908 నాటి చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు, దానితో లేని హక్కు పుట్టదు. బ్యాంకు లాయరు చూస్తాడు కదా అంటారు. చూస్తాడు, బ్యాంకు డబ్బు కోసం.

మేము ఇద్దరు లాయర్లని కలిశాం. మొదటాయన కాగితాలు తిరగెయ్యకుండానే "ఏం పర్లేదు, కొనేయండి" అన్నారు. రెండో ఆవిడ సివిల్ కేసులు చూసే మేడమ్. ముందే ఫీజు చెప్పేసి, వరసగా ప్రశ్నలు మొదలుపెట్టారు. 30 ఏళ్ల ఈసీ తీశారా? లింకు డాక్యుమెంట్లు ఒరిజినల్సా, జిరాక్సులా? అమ్మే ఆయనకి ఇల్లు తండ్రి నుంచి వస్తే ఆడపిల్లలు కూడా సంతకం పెడతారా? సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా? ఒపీనియన్ రాసి సంతకం పెట్టి ఇస్తానన్నారు. ఆవిడకే అప్పగించాం.

వారానికి పిలిచారు. లింకు డాక్యుమెంట్లు 1994 దగ్గర ఆగిపోయాయి. అప్పుడు అమ్మినాయనకి ఆ స్థలం ఎలా వచ్చిందో చెప్పే కాగితం లేదు. పాత రెవెన్యూ రికార్డు తీయిస్తే అది డి-పట్టా భూమి, ఒక పేద కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చింది. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. తర్వాత సవరణలొచ్చాయి గానీ ఈ అమ్మకానికి అవి పనికిరావని, బయానా ఇవ్వొద్దని చెప్పారు. మధ్యవర్తికి కోపమొచ్చింది. రానీ.

యాడికి చెప్తే, "మన తండాలో ఉన్నయ్ కూడా డి-పట్టాలే గదా" అంది. నిజమే. మనలాంటోళ్ల భూమి చేతులు మారిపోకూడదనే ఆ చట్టం వచ్చింది. ఇంకో పేదోడి పట్టా మీద మన ఇల్లు ఉండటం తనకీ నచ్చలేదు.

కాబట్టి లాయరుని మీరే వెతుక్కోండి, ఫీజు మీరే ఇవ్వండి. మధ్యవర్తి చూపించినాయన దగ్గరికి పోవద్దు. కొనమని చెప్తే కమిషన్ వచ్చేవాడు వద్దని చెప్పలేడు. ఇంకోటి, తిరువూరు పాత దస్తావేజుల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. అది చూసి కంగారు పడకండి. మధ్యలో తెగిన లింకుని చూసి పడండి.

మేము ఇంకా అద్దింట్లోనే ఉన్నాం. యాడి డబ్బు మాత్రం యాడి ఖాతాలోనే ఉంది.