నిస్క్వాలి ఒడ్డున బస

జనవరి మాసమున ఒక శనివారమునాటి ప్రభాతవేళ, వాషింగ్టన్ రాష్ట్రమునందలి రెయినియర్ పర్వతపు దక్షిణపాదమున లాంగ్‌మైర్ అను చిన్న మజిలీలో, సత్రపు వసారాలో కంబళ్ళు కప్పుకొని, కొండదారికి అడ్డముగానున్న గేటు ఎప్పుడు తెరతురా యని ఎదురుచూచుచు కూర్చుంటిమి. రాత్రి కురిసిన మంచును ముందు పలకలు కట్టిన బండ్లు దారికి ఇరుప్రక్కలకు త్రోసివేయవలెను. త్రోసిన పిదప పార్కు ఉద్యోగులు పైవరకు పోయి చూచి రావలెను. వారు సరేయన్న పిమ్మటగాని గేటు కదలదు. గాలి హెచ్చినను, చరియలనుండి మంచు విరిగిపడు భయమున్నను ఆ దినమంతయు అది మూసియే యుండును. తెరచిన దినమునగూడ సాయంకాలము కాగానే పైనున్నవారినందరిని దింపి మరల మూసివేయుదురు. గది ముందుగా కుదుర్చుకొంటినని, సొమ్ము చెల్లించితినని చెప్పుకొనిన లాభము లేదు. తిథి చెప్పక వచ్చువాడు అతిథి యని మన పెద్దలు పదమునకు అర్థము చెప్పిరి గదా. ఇచ్చట తిథి లేనిది అతిథికి కాదు, ఆతిథ్యమునకే.

"పెదనాన్నా, గొలుసులు కారులోనే ఉన్నాయి. గేటు తియ్యకపోతే ఇక్కడే అడవిలో నడుద్దాం, ఏం?" అని మా తమ్ముని కుమారుడు నన్ను ముందుగానే ఊరడించెను. అతడు బాథెల్‌లో కాపురమున్నాడు. రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ పట్టణములలో కంపెనీ కొలువులలోనున్న తెలుగు కుటుంబములకు చలికాలమున ఒక్కసారియైన పిల్లలను వెంటబెట్టుకొని "స్నోకి" పోవుట పండుగవంటిది. నవంబరు 1 మొదలు మే 1 వరకు ఈ పార్కులోనికి వచ్చు ప్రతి వాహనము చక్రములకు తగిలించు గొలుసులను వెంట ఉంచుకొనవలెనను నిబంధనను అతడు మా ఊరి పిల్లలు ఎక్కము అప్పజెప్పినట్లు చెప్పెను.

మేము దిగిన నేషనల్ పార్క్ ఇన్ 25 గదుల కొయ్యకట్టడము. పార్కు సరిహద్దులలో సంవత్సరము పొడుగునను తెరచియుండు బస ఇదియొక్కటే. గదులలో టెలివిజను లేదు, టెలిఫోను లేదు. కొన్ని గదులవారు స్నానమునకు నడవాలోనికి రావలెను. రాత్రి భోజనమైన పిదప బసచేసిన వారందరును పెద్దపొయ్యి చుట్టును చేరి, ఒకరి పేరు నొకరు అడుగకయే, రేపు గేటు తెరతురా తెరవరా యన్న ఒక్క విషయమునే చర్చించిరి. ఈ కట్టడము చరిత్రయు విచిత్రమైనదే. 1917లో దీనిని రోడ్డునకు ఆవలివైపున అనుబంధముగా నిర్మించిరి. 1920లో ఉన్నదున్నట్లుగా ఇవతలికి జరిపిరి. 1926లో అసలు సత్రము అగ్నికి ఆహుతి కాగా అనుబంధమే సత్రమై నిలిచినది.

ఈ చోటికి పేరిచ్చిన జేమ్స్ లాంగ్‌మైర్ వలసవచ్చిన రైతు. పర్వతారోహకులకు దారిచూపుచుండెడివాడు. 1883లో తప్పిపోయిన గుఱ్ఱములను వెదకుచు వచ్చి, ఈ మైదానమున బుడబుడ పొంగుచున్న ఖనిజజలపు ఊటలను కనుగొనెనట. ఆ నీట మునిగినవారికి రోగములు నయమగునని ప్రచారముచేసి పూటకూలి యిల్లు తెరచెను. అతని కుమారుడు 1888లో కట్టుకొన్న దుంగల కుటీరము ఊటల చుట్టును తిరుగు కాలిబాటలో నేటికిని నిలిచియున్నది. గేటుకొరకు వేచియున్న గంటలో మేమా బాటను నడచితిమి. చుట్టును మోకాటిలోతు మంచు. ఊట పొంగుచోట మాత్రము తుప్పురంగు నీరు గడ్డకట్టక చిన్నచిన్న బుడగలు విడుచుచుండెను. దేవదారుజాతి మహావృక్షముల కొమ్మలనుండి మంచుముద్దలు జారి నేలపై బడు మెత్తని చప్పుడు తప్ప వేరు శబ్దము లేదు. నిస్క్వాలి నదియెక్కడ అని అడిగితిని. చెట్ల వెనుకనే యున్నదట. చలికాలమున దానికి గొంతు తక్కువ.

తొమ్మిది దాటిన పిదప గేటు తెరచిరి. ప్యారడైజ్ అను పేరుగల మిట్టకు 12 మైళ్ళు. దారిలో నదిని వంతెనపై దాటునప్పుడు విశాలమైన రాతిపడకలో సన్నని నీలిధారలు రెండుమూడు మాత్రమే కానవచ్చెను. వేసవిలో హిమానీనదము రాళ్ళనూరి కలిపిన పిండితో పాలవలె ప్రవహించు నిస్క్వాలి, ఇప్పుడు తన ధనమునంతయు కొండమీద మంచురూపమున దాచుకొని పొదుపుగా బ్రతుకుచున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ వంతెన ప్రాంతమువరకు దిగియుండిన ఆ హిమానీనదపు మూతి నేటికి మైలుకు మించి వెనుకకు జరిగిపోయినది.

ఇంకను పైకి పోగా ఒక మలుపున నాకు మాట రాకుండచేసిన పలక కనబడెను: నారద జలపాతము! నిస్క్వాలికి ఉపనదియైన ప్యారడైజ్ నది ఇచ్చట 160 అడుగులకు పైబడి దూకుచున్నది. 1893లో టకోమా నగరమునందలి దివ్యజ్ఞాన సమాజపు నారద శాఖవారి మూలమున దీనికీ పేరు వచ్చినది. ఆనాటికి ఆ సమాజపు కేంద్రస్థానము మద్రాసులోని అడయారు. ఎక్కడి అడయారు, ఎక్కడి మంచుకొండ! మహతిని మీటుచు లోకములు తిరుగు మునికి ఈ చలికాలమున వీణ మూగవోయినట్లు, జలపాతము చాలవరకు గడ్డకట్టి, తెల్లని స్తంభములుగా బండకు వ్రేలాడుచుండెను. చెవియొగ్గి వినగా ఆ స్తంభముల లోపల ఎచ్చటనో నీరు జారుచున్న సన్ననాదము మాత్రము వినబడెను. ఆ నాదము చాలునని నాకు తోచినది.

తెలుగులో మంచు అను ఒక్క మాటతో గడ్డిపై బిందువును, ఉదయపు పొగను, కొండపై రాశిని చెప్పుకొందుము. బాల్యమున పర్యాయపదములని వల్లించిన తుషార, తుహిన, నీహార, ప్రాలేయ శబ్దములు వేరువేరు వస్తువులని ప్యారడైజ్ మిట్టపై నిలిచిన నాకు మొదటిసారి అనిపించెను. ఈ మిట్ట సముద్రమట్టమునకు 5,400 అడుగుల ఎత్తుననున్నది. పసిఫిక్ మహాసముద్రమునుండి తేమతో నిండివచ్చు గాలి 14,410 అడుగుల పర్వతమునకు తగిలి, పైకెక్కి, చల్లబడి, తన బరువునంతయు ఇచ్చట దింపుకొనును. 1971–72 చలికాలమున ఇచ్చట 1,122 అంగుళముల మంచు కురిసినది. దాదాపు మూడు దశాబ్దములపాటు ప్రపంచమున అంతకుమించిన కొలత నమోదు కాలేదు. సాధారణ సంవత్సరములలోను ఏబది అడుగులకు తక్కువగాకుండ కురియుచుండును. 1917లో తెరచిన ప్యారడైజ్ ఇన్ ఇప్పుడు మూతబడి, చూరువరకు మంచులో మునిగి, పైకప్పుమాత్రము కనబడుచుండెను. వేసవిలో గదికై పోటీపడు యాత్రికులకు చలికాలమున అది కేవలము ఆకారము.

అయినను ఇచ్చట రాత్రి గడపువారు లేకపోలేదు. మంచు అయిదడుగులకు తగ్గక పేరుకొన్న పిదప, ముందుగా అనుమతిపత్రము తీసుకొన్నవారిని మంచుపైననే డేరా వేసుకొననిత్తురు; కొందరు మంచునే గుహగా తొలుచుకొని పండుకొందురు. గుహలో గాలి ఆడుటకు కన్నము విడువవలెనని, పొయ్యి లోపల వెలిగింపరాదని ఒక యువతి తన తోడివారికి బోధించుచుండగా వింటిని. మేము మాత్రము లాంగ్‌మైర్ దుకాణములో అద్దెకు తెచ్చుకొన్న మంచుబూట్లను కట్టుకొని, అంబలిలో గరిటె తిప్పినట్లు మెల్లమెల్లగా అడుగులు వేయుచు, నిస్క్వాలి హిమానీనదము కనబడు అంచువరకు పోయితిమి. మేఘము ఒక్కక్షణము తొలగెను. నీలిపగుళ్ళతో ఆ మహాప్రవాహము కదలనట్లు కదలుచున్నది. నది పుట్టుక అది. వెనుదిరిగి వచ్చుసరికి కార్లు నిలిపిన చోట ఒక ఎఱ్ఱనక్క యాత్రికుల చేతులవైపు చూచుచు కూర్చుండెను. దానికి తినుటకు ఏమియు వేయవలదని పలకలు పెట్టియున్నారు. చేతితిండి మరగినది రోడ్డు విడువక చక్రముల క్రింద పడును. పెట్టకుండుటయే ఆదరణయగు ఘట్టము మన గృహస్థధర్మమున ఎన్నడును తటస్థింపదు. నా చేయి సంచిలోనికి పోయి తిరిగివచ్చెను.

మరునాడు నదితోపాటు దిగువకు సాగితిమి. లాంగ్‌మైర్ దాటిన కొద్దిసేపటికి కాట్జ్ వాగు. 1947 అక్టోబరున కుంభవృష్టికి ఆ వాగు మట్టిని, బండలను, వృక్షములను కలుపుకొని దిగివచ్చి రోడ్డును పాతిపెట్టినది. నాడు చచ్చిన చెట్ల మోడులు కొన్ని ఇంకను నిలువుననే యున్నవి. 2006 నవంబరునందు ఒకటిన్నర దినములో దాదాపు 18 అంగుళముల వాన కురిసి, నిస్క్వాలి తన ఒడ్డుననున్న సన్‌షైన్ పాయింట్ విడిదిమైదానమును సమూలముగా త్రవ్వుకొనిపోయినది. పార్కు ఆరునెలలు మూతబడెను. మంచుగా కురియవలసినది వానగా కురియుటయే ఇచ్చటి ఆపద. కొండనుండి తెచ్చిన రాళ్ళతో నది తన పడకను తానే పెంచుకొనుచు, కొన్నిచోట్ల ఇప్పటికే రోడ్డుకన్న ఎత్తున పారుచున్నది. సన్‌షైన్ పాయింట్ మైదానమును మరల కట్టలేదు.

కాట్జ్ పేరు చెప్పిన పిదప ఆ మనుష్యుని గురించి చెప్పకుండుట న్యాయము కాదు. ఆగస్ట్ కాట్జ్ సైనికోద్యోగి. 1857లో వాపోవెటి అను నిస్క్వాలి మార్గదర్శిని వెంటబెట్టుకొని శిఖరమునకు ప్రయత్నించి, కొద్దిలో అందుకొనలేకపోయెను. ఆ దినములలోనే నిస్క్వాలి జాతినాయకుడు లెషైని హత్యానేరముపై ఉరితీయ నిశ్చయింపగా, లెషై నిర్దోషియని నమ్మిన కాట్జ్ అందుకొరకే ఒక చిన్న పత్రికను అచ్చువేయించి పంచిపెట్టెను. ఫలింపలేదు, 1858 ఫిబ్రవరి 19న ఉరితీసిరి. 2004లో రాష్ట్ర న్యాయమూర్తులు కూర్చిన చారిత్రక న్యాయసభ లెషైని నిర్దోషిగా ప్రకటించినది. వాగునకు కాట్జ్ పేరుండుట నాకు తృప్తి కలిగించినది.

పార్కు ద్వారము దాటినంతనే ఆష్‌ఫర్డ్. ఒకప్పుడు కలపమిల్లు కూలీలు పరున్న బంగళాలో ఇప్పుడు పర్వతారోహకులు పరుందురు. చుట్టుప్రక్కల మిట్టలపై స్వచ్ఛందసంస్థ యొకటి మూడు కుటీరములను, ఒక గుండ్రని గుడారపుటింటిని నడుపుచున్నది. వానికి మంచుపైన మూపున మూటతో నడచియో, స్కీలపై జారియో పోవలసినదే. ఇంకను దిగువన ఎల్బ్. జర్మనీనుండి వచ్చినవారు తమ నది పేరు పెట్టుకొన్న పల్లె. 1906లో కట్టిన బొమ్మరిల్లంత తెల్లని చర్చి అచ్చట కలదు. పాత రైలుపెట్టెలను బసగదులుగా మార్చిన చోటునుగూడ చూచితిమి. పట్టాలపై కదలుచు పోయినది నిలిచి యిల్లాయెను. దాని యెదుట నిలిచి నా తమ్ముని కుమారుడు తన బిడ్డకు ఫొటో తీసెను.

ఆ దిగువన ఆల్డర్ ఆనకట్ట. 330 అడుగుల ఎత్తైన ఈ కట్టడము 1945లో పూర్తియైనది. టకోమాకు దీపములు వెలిగినవి, ఆల్డర్ అను పాత పల్లె ముంపునకు లోనైనది. నీరు తగ్గినప్పుడు అడుగున నరికిన చెట్ల మొదళ్ళు బయటపడును. శ్రీశైలపు ముంపు ఊళ్ళ కథలు విని పెరిగినవాడను. అచ్చట ఎక్కువసేపు నిలువలేకపోయితిని. సముద్రమునుండి ఎదురీదివచ్చు సాల్మన్ చేపల ప్రయాణము ఈ ఆనకట్టకు దిగువననే ముగియును.

ఆ చేపలను గురించియే ఈ నది ఒడ్డున అసలు వివాదము నడచినది. 1854 డిసెంబరు 26న, సంగమప్రాంతమునందలి మెడిసిన్ వాగు ఒడ్డున, నిస్క్వాలి మొదలగు జాతులవారు ప్రభుత్వముతో చేసికొన్న ఒడంబడికలో తమ భూమిని విడిచి, అలవాటైన చోట్ల చేపలు పట్టుకొను హక్కును మాత్రము నిలుపుకొనిరి. 1917లో సైనికశిబిరమునకై వారికి మిగిలిన భూమిలోను 3,000 ఎకరములకు పైగా పోయినది. హక్కు కాగితమున మిగిలినదేగాని, వలవేసినవానిని బంధించుచుండిరి. బిల్లీ ఫ్రాంక్ జూనియర్ అను బాలుడు 1945లో, పదునాలుగేండ్ల వయస్సున మొదటిసారి పట్టుబడెను. తరువాత యేబదిసార్లకు మించి పట్టుబడియు వల విడువలేదు. 1974లో న్యాయమూర్తి బోల్ట్ తీర్పు పట్టదగిన చేపలలో సగము ఒడంబడిక జాతులవారిదేనని చెప్పినది. మేము మూడు రాత్రులనుండి సొమ్మిచ్చి అతిథులమని పిలిపించుకొనుచున్నాము. ఈ నదికి గృహస్థులెవరో నాకు అప్పుడుగాని స్పష్టపడలేదు.

సంగమస్థలమున నేడున్న వన్యప్రాణి ఆశ్రయమునకు 2015 నుండి బిల్లీ ఫ్రాంక్ జూనియర్ పేరున్నది. నది కలియునది మహాసముద్రమున కాదు. ప్యుజెట్ సౌండ్ అను లోనికి చొచ్చుకొనివచ్చిన ఉప్పునీటి పాయలో. ఒకప్పుడు రైతులు కట్టవేసి పోటునీటిని అడ్డుకొన్న పొలములివి. 2009లో కట్టను తొలగింపగా 762 ఎకరములలోనికి సముద్రము తిరిగి వచ్చినది. ఉప్పుటేళ్ళు తమ పాతదారులను తామే వెదకికొన్నవి. ఆ బురదనేలపై మైలుపొడవున కొయ్యవంతెన వేసిరి. మేము నడచినప్పుడు పాటు సమయము. ఒండ్రుమట్టి వెండివలె మెరయుచుండెను. ఎగువకు పోయిన చలికాలపు చమ్ సాల్మన్లు గ్రుడ్లుపెట్టి మరణింపగా, వాని కళేబరములకై తెల్లతల గద్దలు మోడులపై కాచుకొనియుండెను. వేటకాలమగుటచే వంతెన చివరి 700 అడుగులకు గేటు వేసియుండిరి. మా తమ్ముని మనుమరాలు ఆ గేటును పట్టుకొని, "తాతా, మంచు ఇక్కడికే వస్తుందా?" అని అడిగెను. వచ్చునంటిని. నిన్న మనము త్రొక్కినది వేసవికి ఇచ్చటికి చేరునంటిని.

పోటు మొదలాయెను. ఉప్పుటేళ్ళలోనికి నీరు చప్పుడు చేయక ఎక్కుచుండెను. సూర్యాస్తమయమునకు ఆశ్రయము మూసివేయుదురు గనుక జనులందరును వెనుదిరుగుచుండిరి. మేము కారుకడకు వచ్చుసరికి ఉత్తరపు ధ్రువప్రాంతములనుండి చలికాలమునకు ఇచ్చటికి వచ్చిన బాతులు వేలకొలది ఒక్కసారిగా అరచుచు తలలపైనుండి పోయి, మేము విడిచివచ్చిన నీటిమీదనే దిగెను.