బావా! అని పిలిచే పాట

రాక్ సంగీతమంటే గిటారు విరగ్గొట్టడం, జుట్టు విరబోసుకుని కేకలు వెయ్యడం అనే అభిప్రాయం మన ఇళ్ళల్లో బలంగా ఉంది. అది పూర్తిగా అబద్ధమని నేనూ అనను. కాని తెలుగు ఎమ్మే చదివి, రోజూ పద్యాలూ సంధులూ చెప్పుకు బతికే నన్ను ఏడాదిగా ఒక ఫిలిప్పైన్స్ రాక్ బృందం పట్టుకు వదలడం లేదంటే మీరు నవ్వరు గదా? మా మేనల్లుడు దవావోలో వైద్యం చదువుతున్నాడు. మన పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు లెండి. అక్కడివాళ్ళు పాడుకునే పాటలు పంపించి, మాట మాటకీ అర్థం కూడా రాసి పెట్టాడు.

ఆ బృందం పేరు ఇరేజర్‌హెడ్స్. 1989లో, మనీలాను ఆనుకుని ఉన్న కెసోన్ సిటీలో, ఫిలిప్పైన్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులు నలుగురు కలిసి పెట్టుకున్నారు: ఈలై బ్వెందియా, రేమండ్ మరసిగన్, బడ్డీ సబాలా, మార్కస్ అదోరో. 1991లో తామే ఒక కాసెట్టు తయారుచేసుకున్నారు. 1993 నుంచి 2001 దాకా ఏడు ఆల్బములు వచ్చాయి.

మొదటి ఆల్బము పేరు చూడండి: ‘అల్ట్రాఎలక్ట్రోమాగ్నెటిక్‌పాప్’! ఈ నోరు తిరగని పేరు వెనక ఒక కథ ఉంది. వాళ్ళ చిన్నతనంలో ‘వోల్టెస్ ఫైవ్’ అనే జపాను బొమ్మల సీరియల్ అక్కడి పిల్లలకు ప్రాణం. 1979లో మార్కోస్ ప్రభుత్వం దాన్ని చివరి భాగాలు రాకముందే ఆపించేసింది. అందులో ఒక ఆయుధం పేరు చివర ‘టాప్’ అని ఉంటుంది. వీళ్ళు దాన్ని ‘పాప్’ చేసి ఆల్బముకు తగిలించారు. కథ ముగింపు చూడనివ్వకపోతే పిల్లలు పద్నాలుగేళ్ళయినా మరిచిపోరు కాబోలు.

ఆ ఆల్బములోనే ‘పారె కో’ అనే పాట ఉంది. ప్రేమలో భంగపడ్డ కుర్రవాడు స్నేహితుడి దగ్గర గోడు వెళ్ళబోసుకుంటాడు. మధ్యలో ఒక తిట్టు కూడా దొర్లుతుంది. ‘పారె’ అన్న మాట నన్ను ఆకట్టుకుంది. స్పానిషు వారి ‘కొంపాద్రే’ అరిగి అరిగి మిగిలిన ముక్క అది. బిడ్డ జ్ఞానస్నానానికి పెద్దగా నిలబడినవాడికీ, ఆ బిడ్డ కన్నతండ్రికీ మధ్య వరస. ఇప్పుడు ఏ వరసా లేని స్నేహితులు అలా పిలుచుకుంటారు. మన కుర్రాళ్ళు ‘బావా’ అనీ, హైదరాబాదులో ‘మామా’ అనీ పిలుచుకోవడం లేదూ? సముద్రాల అవతల కూడా స్నేహం చుట్టరికాన్నే అరువు తెచ్చుకుందన్న మాట!

వాళ్ళ భాష తగలోగు, ఇంగ్లీషు కలగలిసిన హాస్టలు మణిప్రవాళం. మా విద్యార్థులు జవాబు పత్రాల్లో ఇటువంటిదే రాస్తే ఎర్ర పెన్సిలు పెట్టి కొట్టేస్తాను, రేపూ కొట్టేస్తాను. పరీక్ష పరీక్షే. కాని దెబ్బతిన్న మనసు గ్రాంథికంలో ఏడవదు. ఆ సంగతి ఈ నలుగురికీ ఇరవయ్యో ఏటే తెలుసు.

అన్నిటిలోకీ గొప్పది 1995 నాటి ‘కటర్‌పిల్లో’ ఆల్బములోని ‘అంగ్ హులింగ్ ఎల్ బింబో’. చివరి ఎల్ బింబో నాట్యం అని అర్థం. ఏడు నిమిషాలు పైబడిన పాట. ఒక చిన్నవాడికి ఈడు పిల్ల ఒకతె నాట్యం నేర్పుతుంది. ఆమె అలనాటి సినిమా తార పరలుమన్‌లా ఉంటుందట. రోజూ బడి వదలగానే వాళ్ళింటికి పరుగు. చెయ్యి పట్టుకుని అడుగు వెయ్యడమే వాడికి స్వర్గం. ఏళ్ళు గడుస్తాయి. ఆమెకు ఒక బిడ్డ ఉందనీ, భర్త లేడనీ, ఎక్కడో అంట్లు తోముతోందనీ వింటాడు. ఒక రాత్రి చీకటి సందులో బండి గుద్ది ఆమె పోయిందనీ వింటాడు. ఇక కలలోనే ఆ నాట్యం. చెప్పేవాడు ఎక్కడా ఏడవడు. విన్న సంగతి విన్నట్టు చెప్పుకుపోతాడు. అందుకే వినేవాళ్ళకు గొంతు పట్టుకుంటుంది. ఈ పాటకు అవ్రేయస్ సొలీటో తీసిన చిత్రానికి 1997లో ఎమ్‌టీవీ వారి బహుమతి వచ్చింది.

పేరొస్తే తగాదాలూ వస్తాయి. ‘అలపాప్’ అనే పాట మత్తుమందులను పొగుడుతోందని 1995లో సెనేటర్ టిటో సోటో ధ్వజమెత్తారు. అలపాప్ అంటే మబ్బులు. మేము రాసింది స్వేచ్ఛ గురించి మహాప్రభో అని వాళ్ళ జవాబు. మబ్బుల వెంట పోయినవాడల్లా మత్తులో ఉన్నట్టయితే కాళిదాసు యక్షుడి గతేం కాను?

1996లో వచ్చిన క్రిస్మసు ఆల్బము ‘ఫ్రూట్‌కేక్’ నాకు అంతగా రుచించలేదు. తర్వాతి వాటిలో ప్రయోగాలు ఎక్కువయ్యాయి. 2002లో బ్వెందియా విడిపోయాడు. 2008 ఆగస్టు 30న నలుగురూ మళ్ళీ వేదిక ఎక్కారు గాని, మధ్యలో ఆయనను ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది. 2009 మార్చిలో మరో కచేరీ చేసి ఆ బాకీ తీర్చారు. 2022 డిసెంబరులోనూ కలిసి పాడారు.

1994 నాటి ‘సర్కస్’ ఆల్బములో ‘మిన్సాన్’ అనే పాట ఉంది. విశ్వవిద్యాలయంలో కలయాన్ అనే హాస్టలు ఉండేది, ఇప్పటికీ ఉంది. అక్కడ కలిసి తిరిగిన స్నేహితులు రేపు ఒకరినొకరు మరిచిపోతారేమోనని ఆ పాటలో బెంగ. అక్కడివాళ్ళు వీడ్కోలు సభల్లో అది పాడుకుని కళ్ళు తుడుచుకుంటారని మా వాడు రాశాడు. చాలా ఏళ్ళ తర్వాత బ్వెందియా, తాము నలుగురూ నిజానికి అంత దగ్గర స్నేహితులం కాదని చెప్పాడు. రికార్డు పెట్టి వినండి, ఆ సంగతి ఎక్కడా తెలియదు.