మేమా, మనమా?

ఒక ఆఫ్రికా భాషలోని మాట మన దక్షిణాది భాషలోకి రావాలంటే మధ్యలో ఫ్రెంచో ఇంగ్లీషో ఉండి తీరాలని మనకో అలవాటు. కాంగో స్త్రీ మాట్లాడుతుంది, ఫ్రెంచి తెలిసినవాళ్లు రాసుకుంటారు, ఇంగ్లీషువాళ్లు అచ్చువేస్తారు, చివరికి మన దగ్గరికి వస్తుంది. ఏడాదిగా నేను ఒక మలయాళీ నర్సుతో కలిసి ఈ మెట్లేవీ లేకుండా కితుబా నుంచి నేరుగా మలయాళంలోకి కొన్ని పేజీలు తెచ్చే పనిలో ఉన్నాను.

నేను తెలుగుదాన్ని. కేరళలో చాలాకాలం భాషాశాస్త్రం చెప్పాను. ఆమె కన్యాస్త్రీ. కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌లోని క్విలు ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చారు. ఆస్పత్రి వరండాలో ఆడవాళ్లు చెప్పుకున్న మాటల్ని నోటుపుస్తకాల్లో కితుబాలోనే రాసుకున్నారు. ఆమె నన్ను టీచర్ అంటారు, నేను సిస్టర్ అంటాను. మా మధ్య భాష మలయాళం.

కితుబా ఎవరి ఊరి భాషా కాదు. కికొంగో మాట్లాడేవాళ్లూ, ఇతర భాషలవాళ్లూ బరువులు మోసేచోట, సంతల్లో, ప్రభుత్వ పనుల్లో కలిసినచోట స్థిరపడిన భాష. 1890 నుంచి 1898 దాకా కట్టిన మతాది రైలుమార్గం లాంటి పనులు అలాంటి కలయికలే. దానికి 'కికొంగో యా లేటా' అని ఇంకో పేరు. 'లేటా' అంటే ఫ్రెంచిలో ప్రభుత్వం. 'బులా మతారి', అంటే రాళ్లు పగలగొట్టేవాడు, అనే పేరూ ఉంది. అది మొదట స్టాన్లీకి, తర్వాత మొత్తం వలస ప్రభుత్వానికి జనం పెట్టిన పేరు. కాంగోలో పుట్టిన భాషాశాస్త్రవేత్త సాలికోకో ముఫ్వేనే ఈ భాష గురించి విస్తారంగా రాశారు.

పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు భాషల్లోనూ నన్ను ముందు ఆకర్షించింది క్రియ. మలయాళంలో అవన్ వరున్ను, అవళ్ వరున్ను. వచ్చేది ఎవరైనా క్రియ మారదు. కితుబాలోనూ అంతే, 'యాండి కే క్విసా'. పైగా 'యాండి' అంటే ఆమే కావచ్చు, అతడూ కావచ్చు. మన తెలుగు సంగతి మీకు తెలుసు. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. ఏకవచనంలో స్త్రీని పశువుతో, వస్తువుతో కలిపి కట్టేసి, పదిమంది ఆడవాళ్లు చేరితేనే 'వచ్చారు' అని మనుషుల్లో చేర్చే వ్యాకరణం మనది.

అయితే 'యాండి' దగ్గరే మలయాళం ఇరుక్కుంటుంది. నోటుపుస్తకంలో జబ్బుపడ్డ 'మ్వానా' అని ఉంటుంది. బిడ్డ అని అర్థం. తర్వాతంతా 'యాండి'యే. ఫ్రెంచి మీదుగా వస్తే ఆ బిడ్డ 'ఇల్' అవుతుంది, మలయాళంలో 'అవన్' అయిపోతుంది. అలా ఎంతమంది ఆడపిల్లలు మగపిల్లలైపోతారో! మేము ప్రతిచోటా 'కుట్టి' అనే రాశాం. చదవడానికి కొంచెం బరువుగా ఉంటుంది. ఉండనిచ్చాం.

ఆ పేజీల్లో ఎక్కువ భాగం కర్రపెండలం గురించి. కితుబాలో 'దియోకో', మలయాళంలో 'కప్ప'. (తెలుగువాళ్లకి ఈ మాట చెబితే మొహం చిట్లిస్తారు.) పోర్చుగీసు వాళ్లతో బ్రెజిల్ నుంచి ఆఫ్రికాకి వచ్చిన దుంప. మన సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యం అయ్యేది కూడా ఇదే. క్విలు, క్వాంగో ప్రాంతాల్లో పండే చేదురకాన్ని మూడు రాత్రులు నానబెట్టి, ఎండబెట్టి, దంచాలి. లేకపోతే అందులో సైనైడ్ విషం మిగిలిపోతుంది. మాంసకృత్తులు లేని తిండికి ఆ విషం తోడైతే ఒక్కరోజులో కాళ్లు బిగుసుకుపోయి, మళ్లీ బాగుపడవు. 'కొంజో' అంటారు. యాకా భాషలో కట్టేసిన కాళ్లు అని అర్థం. డాక్టర్ ట్రోలి 1938లో దీన్ని వైద్యలోకానికి తెలియజేశాడు. ఎక్కువగా వచ్చేది పిల్లలకీ, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలకీ. పట్నానికి దుంప అమ్మకం పెరిగినచోట నానబెట్టే రాత్రులు తగ్గాయని పరిశోధకులు నమోదు చేశారు.

ఇక 'బెతో'. కితుబాలో 'మేము'కీ 'మనం'కీ ఉన్నది ఈ ఒక్క మాటే. మలయాళంలో తెలుగులాగే రెండున్నాయి. ఞంగళ్ అంటే మేము, నమ్మళ్ అంటే మనం. ఫ్రెంచికీ ఇంగ్లీషుకీ ఈ తేడా లేదు కాబట్టి వాటి మీదుగా వస్తే ఈ ప్రశ్నే పుట్టదు. నేరుగా వస్తే ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి.

నర్సు చెబుతుంది, బెతో మూడు రాత్రులు నానబెట్టాలి అని. సిస్టర్ 'నమ్మళ్' అన్నారు.

"మీరెప్పుడైనా నానబెట్టారా సిస్టర్?"

"లేదు. కానీ నర్సులం అలాగే మాట్లాడతాం టీచర్."

నిజమే, 'మనం చేతులు కడుక్కోవాలి' అని మన ఆస్పత్రుల్లోనూ అంటారు. దాన్ని నమ్మళ్‌గానే ఉంచాం. దానికి ఆడవాళ్లు జవాబిస్తారు, బెతోకి 'న్తాంగు' లేదు అని. అది ఞంగళ్. న్తాంగు అంటే సూర్యుడు, కాలం కూడా. మన 'పొద్దు' లాగా. దుంప ఎండడానికి ఎండ లేదనా, దంచడానికి తీరిక లేదనా? మలయాళంలో 'నేరం' అని రాశాం. తెలుగైతే 'మాకు పొద్దు చాలదు' అని ఉండేది.

ఒక్క వాక్యం మాత్రం నెలరోజులు ఆపింది. కూతురి కాళ్లు పడిపోయిన తల్లి సిస్టర్‌తో అన్న మాట, 'బెతో ఆడవాళ్లం, పని ఆపలేం' అని. 'నా చెయ్యి పట్టుకుని చెప్పింది, నమ్మళ్ రాయండి' అన్నారు సిస్టర్. ఆ తల్లి పనీ సిస్టర్ పనీ ఒకటి కాదు కదా అని నా సందేహం. చివరికి ఆ ఊళ్లో ఇంకా పనిచేస్తున్న నర్సుకి కబురు చేసి, ఆ బెతోలో సిస్టర్ ఉన్నారా అని అడిగించాం. ఉంటే ఇక్కడే ఉండేది కదా, వెళ్లిపోయింది కదా అందట ఆ తల్లి. కోపంగా ఏమీ కాదట, మామూలుగానే. సిస్టర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కలం తీసుకుని తనే 'ఞంగళ్' అని దిద్దారు.

మన స్త్రీవాద 'మనం'లో తాము ఉన్నామా అని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు అడిగి చాలా ఏళ్లయింది. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన రెండు మాటలూ మన భాషలో ఎప్పట్నుంచో ఉన్నాయి. ఇంగ్లీషు వ్యాసాల్లోని స్త్రీలమాటని తెలుగు చేసేటప్పుడు మనలో చాలామందిమి చెయ్యి తిరిగిన అలవాటుతో 'మనం' అని రాసుకుపోతుంటాం. ఎవరి మాటని తెస్తున్నామో ఆ మనిషి బతికే ఉంటే, అడిగి రాయడం సాధ్యమే.